‘లోపల ఏం చెప్పావ్?’ అని అడగకండి

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. మావారు మర్చంట్ నేవీ, ఏడాదిలో ఎక్కువ నెలలు ఓడ మీదే. మా అమ్మాయి సిస్టర్లు నడిపే కథోలిక స్కూల్లో తొమ్మిదో తరగతి. మూడు నెలలుగా సరిగ్గా మాట్లాడడం లేదు. స్కూలుకి బయల్దేరే వేళకి కడుపునొప్పి అంటుంది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. స్కూల్లో కౌన్సెలర్‌గా ఉన్న సిస్టర్ దగ్గరికి వారానికోసారి పంపుతామని క్లాస్ టీచర్ ఫారం ఇచ్చి సంతకం అడిగారు. ‘గుంటకి పిచ్చనుకుంటారు, వద్దు’ అంటున్నారు మా అత్తగారు. మేం హిందువులం, అక్కడ మతం విషయాలు చెబుతారేమో. రాత్రిపూట ఫోన్లో నాకూ మావారికీ మాటామాటా వస్తుంటుంది, అవన్నీ అక్కడ చెప్పేస్తే ఇంటి పరువేం కావాలి? పంపమంటారా?

జవాబు: పంపండమ్మా. ఈ వారమే పంపండి.

మీ అత్తగారి భయం నాకు అర్థమవుతుంది. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తి ఎగతాళి చేసే ఊరు మనది. ఆ మాటలు విని పెరిగిన పెద్దావిడ అలాగే అంటారు. స్కూల్ కౌన్సెలర్ మాత్రం డాక్టర్ కారు, మందులు రాయరు. స్నేహితురాలు మాట్లాడడం మానేసిందనో, లెక్కల పరీక్ష అంటే టెన్షన్ అనో, ఇంట్లో దిగులుగా ఉందనో పిల్లలు ఆ గదికి వెళ్తుంటారు. 2025 జులైలో సుప్రీంకోర్టు, మన విశాఖలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో తీర్పు చెబుతూ, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని ఆదేశించింది. ఒక తండ్రి కూతుర్ని పోగొట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చిన ఆదేశమది. మీ పాపకి ఆ సాయం అడక్కుండానే ఎదురొచ్చింది.

మతం సంగతి. కథోలికుల్లో పాపసంకీర్తనం అని ఒకటుంది, చేసిన తప్పులు చెప్పుకుని క్షమాపణ కోరడం. అది వినేది గురువులు (ఫాదర్లు) మాత్రమే, సిస్టర్లు వినరు, అదీ బాప్తిస్మం పొందినవాళ్ల కోసం. కౌన్సెలింగ్‌కి దానితో సంబంధం లేదు. గుర్తింపు ఉన్న ఏ స్కూలైనా పిల్లలకు మతబోధ చేయాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలని రాజ్యాంగంలోని 28(3) అధికరణం చెబుతోంది. అయినా మనసులో ఉంచుకోకుండా సిస్టర్‌నే నేరుగా అడగండి. ‘ప్రార్థనలవీ లేకుండా మాట్లాడతారా?’ అంటే ఆవిడేమీ నొచ్చుకోరు. ఆవిడ సైకాలజీ గానీ సోషల్ వర్క్ గానీ కౌన్సెలింగ్ డిప్లొమా గానీ చేశారా, విడిగా గది ఉందా, రాసుకున్న నోట్సు ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి కూడా అడగండి. సిస్టర్ అయినంత మాత్రాన కౌన్సెలర్ అయిపోరు, చదువు ఉండాలి.

అసలు సంగతి మీ మూడో భయంలో ఉంది. నాకు మీ ఉత్తరంలో గట్టిగా వినబడింది అదే.

ఓడ మీద ఉన్న మనిషికి సిగ్నల్ దొరికేది ఎప్పుడో. ఆ కాసేపట్లోనే డబ్బు, అత్తగారి ఆరోగ్యం, ఇంటి పనులు, అన్నీ తేల్చుకోవాలి. గొంతు లేస్తుంది. ఒంటరిగా ఇల్లు నెట్టుకొస్తున్న మీ మీద తప్పు వేయను. తలుపు వేసుకునే మాట్లాడుతూ ఉంటారు. కానీ పద్నాలుగేళ్ల పిల్లకి తలుపు ఏమాత్రం అడ్డం? పాప దిగులుకి కారణం ఇదేనని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. స్కూల్లో ఇంకేదైనా జరిగి ఉండొచ్చు. ఒకవేళ ఇదే అయితే మాత్రం, మీరు బయటపడకూడదనుకుంటున్న మాటనే ఆ పిల్ల మూడు నెలలుగా కడుపులో దాచుకుని తిరుగుతోంది. అమ్మతో అంటే అమ్మ ఏడుస్తుంది, నాన్నతో అందామంటే దూరంలో ఉన్నాడు, నానమ్మతో అంటే ఇంకో గొడవ. ఎవరితో చెప్పుకుంటుంది?

మంచి కౌన్సెలర్ పిల్ల చెప్పింది స్టాఫ్ రూమ్‌లో మాట్లాడరు. మీకు కూడా అంతా చెప్పరు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే, ఎవరైనా పాపని బాధపెడుతున్నారని తెలిస్తే చెప్పి తీరతారు. లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. ఈ హద్దుల్ని మొదటి రోజే పాపకీ మీకూ వివరించమని కోరండి.

ఇక మీరు చేయాల్సిన కష్టమైన పని. మొదటి రోజు పాప ఇంటికి రాగానే ‘లోపల ఏం చెప్పావ్? నా గురించి అడిగారా?’ అని నోటిదాకా వస్తుంది. నా దగ్గరికి వచ్చిన తల్లుల్లో చాలామంది ఆ సాయంత్రమే ఆగలేకపోయారు, పిల్లలు రెండోసారి వెళ్లి నోరు విప్పలేదు. మీరు అడగకండి. అన్నం పెట్టండి, పక్కన కూర్చోండి. తనే ఏదైనా చెబితే, మధ్యలో సర్దిచెప్పకుండా చివరిదాకా వినండి. వీలైతే ఆదివారం యారాడ బీచ్ వైపు తీసుకెళ్లండి, చదువు ఊసెత్తకుండా.

రెండు మూడు వారాలకే మార్పు కనబడాలనుకోవద్దు. కానీ ‘నేను లేకపోతే మీకే నయం’ లాంటి మాట అన్నా, చేతుల మీద గాట్లు కనబడినా, తిండీ నిద్రా పూర్తిగా పోయినా, వారానికో గంట సరిపోదు. అప్పుడు పాపని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళనైనా ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ వెంటనే డాక్టరుకు చూపించండి. మనం ఎగతాళికి వాడే ఆ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉన్నదీ చదువుకున్న డాక్టర్లే. పాప తనకు తానే చెప్పుకోవాలనుకుంటే పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది, ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

ఫారం మీద సంతకం పెట్టండి. ఈసారి మీవారి ఫోన్ వచ్చినప్పుడు మొదటి మాటగా ఈ సంగతే చెప్పండి, ‘మనం పంపుతున్నాం’ అని. ఆ ఒక్క మాట పాప వినేలా అనండి.