కర్నల్ గారు శాసనసభ్యుడు ఎలా అయ్యారు?

ప్రశ్న: మా అమ్మాయి బోస్టన్ దగ్గర ఉంటోంది. మొన్న వెళ్ళినప్పుడు కాంకర్డ్‌లో, 1775లో బ్రిటిష్ సైన్యం మీద అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజు పోరాటం జరిగిన వంతెన చూపించింది. అక్కడ కర్నల్ జేమ్స్ బారెట్ గురించి విన్నాం. మిలీషియా కర్నల్‌గా ఉంటూనే శాసనసభ్యుడిగానూ ఉండేవారట. నేను నేవల్ డాక్‌యార్డులో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉన్న అధికారి మన దగ్గర ఎన్నికల్లో నిలబడడానికే వీల్లేదు కదా, మరి ఆయనకెలా కుదిరింది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీ సందేహం సరైనదే. విశాఖలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పాను. ఈ చోట పిల్లలు తప్పకుండా ఆగేవారు. మిలీషియా అనగానే మన కళ్ళముందు జీతానికి పనిచేసే సైన్యమే కనిపిస్తుంది. జీతపు సైన్యం అప్పట్లో మన ఊళ్ళోనూ ఉండేది. 1780 అక్టోబరులో, మద్రాసుకి ఓడెక్కమన్నందుకు విశాఖలో ఈస్టిండియా కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. వాళ్ళది కొలువు. కాంకర్డ్ మిలీషియా అలాంటిది కాదు. ఊళ్ళో రైతులు, కమ్మర్లు, దుకాణదారులు ఎవరి తుపాకీ వాళ్ళు తెచ్చుకుని కవాతు చేసి, సాయంత్రానికి ఇంటికి పోయేవారు.

బోస్టన్, కాంకర్డ్ ఉన్న మసాచుసెట్స్ అప్పటికి బ్రిటిష్ వలస. 1774లో అక్కడి బ్రిటిష్ గవర్నర్ గేజ్ చట్టసభను రద్దు చేశాడు. అయినా ప్రతినిధులు ప్రొవిన్షియల్ కాంగ్రెస్ పేరుతో తామే సమావేశమయ్యారు. ఆ అక్టోబరులో కాంకర్డ్ ప్రార్థనా మందిరంలోనే కూర్చున్నారు, జాన్ హాన్‌కాక్ అధ్యక్షుడు. ఊరి తరఫున బారెట్ అందులో సభ్యుడు. ప్రతి కంపెనీ, అంటే ఒక్కో మిలీషియా దళం, తన కెప్టెన్‌ను ఎన్నుకోవాలనీ, ఆ అధికారులు పై అధికారులను ఎన్నుకోవాలనీ ఆ సభ నిర్ణయించింది. అంటే సార్, శాసనసభ్యుడి పదవీ ఓటుతోనే, మిలీషియా పదవీ ఓటుతోనే. అందుకే ఒకే మనిషి దగ్గర రెండూ ఉండగలిగాయి.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం పదవుల వల్ల కాదు. సభ ఆయుధాలు కూడబెట్టాలని తీర్మానిస్తే, వాటిని తన పొలంలోనే దాచారు. దొరికితే పోయేది ఆయన ఇల్లే. ఫిరంగులు, మందుగుండు, పిండి, గుడారాలు కాంకర్డ్‌కి చేరుతున్నాయని వేగుల ద్వారా గేజ్‌కి తెలిసిపోయింది. 1775 ఏప్రిల్ 18 రాత్రి సుమారు 700 మంది సైనికులను పంపాడు. బోస్టన్ నుంచి కాంకర్డ్ అంటే మన ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి అనకాపల్లి వెళ్ళినంత. ఆ దూరం రాత్రికి రాత్రి నడిచారు.

బారెట్ కొడుకులు తుపాకులను దుక్కిలో పాతిపెట్టారని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. మాది చోడవరం దగ్గర పల్లె, తాతగారి దుక్కి చూస్తూ పెరిగాను కాబట్టి ఆ మాట నమ్మబుద్ధవుతుంది. మన నాటు నాగలి మట్టిని చీలుస్తుందే గానీ తిరగెయ్యదు. వాళ్ళది రెక్క నాగలి. ఒక చాలు తెరిచి తుపాకులు వరసగా పడుకోబెట్టి, పక్క చాలు దున్నితే ఆ మట్టి వచ్చి వీటి మీద పడుతుంది. ఏప్రిల్ నెల, అందరూ దున్నుకునే రోజులు. సైనికులు గట్టు మీద నుంచి చూసినా తాజా దుక్కి తప్ప ఏముంటుంది? నాలుగు కంపెనీలు వెళ్ళి వెతికినా పెద్దగా ఏమీ చిక్కలేదు. ఆకలితో ఉన్న ఆ సైనికులకు బారెట్ భార్య తిండి పెట్టిందనీ, డబ్బులిస్తే ముందు వద్దందనీ కూడా చెప్పుకుంటారు.

అదే సమయానికి బారెట్ వంతెన అవతల గుట్ట మీద ఉన్నారు. వయసు 64. వెనక సుమారు 400 మంది, కింద వంతెన దగ్గర వందలోపు సైనికులు. ఊళ్ళోంచి పొగ లేచింది. స్వాధీనం చేసుకున్న ఫిరంగి బండ్ల చట్రాలు కాలుస్తున్నారు, మంట పక్క భవనానికి అంటుకుంది. ఊరు తగలబడిపోతోందనుకున్నారు వీళ్ళు. ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఆలోచించండి! ఆ స్థితిలో ఆయన ముందుకు నడవమన్నారు, కానీ అవతలివాళ్ళు కాల్చేదాకా కాల్చొద్దన్నారు. మార్చి 30న సభ తీర్మానించింది కూడా అదే, ఆత్మరక్షణకే పోరాడాలని. సభలో ఒప్పుకున్న మాటను గుట్ట మీద కూడా నిలబెట్టుకున్నారాయన.

ముందు కాల్చింది బ్రిటిష్‌వాళ్ళే. పక్క ఊరు ఆక్టన్ నుంచి వచ్చిన మిలీషియా కెప్టెన్ ఐజాక్ డేవిస్, ఆయన కంపెనీలోని ఆబ్నర్ హోస్మర్ అక్కడే పడిపోయారు. ఆ తర్వాతే ఇటు నుంచి తూటాలు పేలాయి. సాయంత్రానికి బోస్టన్ దారంతా కాల్పులే. ఆ రోజు మొత్తానికి బ్రిటిష్‌వాళ్ళు 73 మంది, వలస ప్రజలు 49 మంది చనిపోయారు.

బారెట్ 1779 ఏప్రిల్ 11న కన్నుమూశారు. యుద్ధం ముగియడానికి ఇంకా నాలుగేళ్ళుంది, మసాచుసెట్స్ రాజ్యాంగం మరుసటి ఏడాది వచ్చింది. రెండూ చూడలేదు.

ఈసారి అమ్మాయి దగ్గరికి వెళ్తే వంతెన దగ్గర ఆగిపోకండి. ఇంకో మూడు కిలోమీటర్లు వెళ్తే ఆయన ఇల్లు ఉంది, ఇప్పుడది జాతీయ చారిత్రక ఉద్యానవనంలో భాగం. పక్కనున్న పొలం కూడా చూసి రండి.