పాత వాచీ బ్రేస్‌లెట్ ‘డూప్లికేట్’ అంటున్నారు, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారు పోయాక ఆయన రోలెక్స్ వాచీ నాకు వచ్చింది. 1968 నాటిది. దాని స్టీలు బ్రేస్‌లెట్ ఎప్పుడో పోతే, చివరిదాకా తోలు పట్టీతోనే పెట్టుకున్నారు. ఆయన జ్ఞాపకంగా దానికి అప్పటి బ్రేస్‌లెట్టే తొడగాలని చాలాకాలం వెతికాను. 20 నెలల కిందట పాత వాచీల విడిభాగాలు అమ్మే వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో 7206 మోడల్ రివెట్ బ్రేస్‌లెట్ (లింకులను రివెట్లతో కలిపినది) కొన్నాను. ‘1968దే, క్లాస్ప్‌తో సహా మొత్తం ఆ ఏడాదిదే’ అని వాట్సాప్‌లో రాశాడు (క్లాస్ప్ అంటే బ్రేస్‌లెట్‌ని చేతికి బిగించే కొక్కెం). వదులుగా ఉందని రెండు లింకులు తీయించి ఏడాదికి పైగా వాడాను. పోయిన నెల ఒక వాచీ రిపేరర్ చూసి, క్లాస్ప్ లోపల ‘సి’ అనే అక్షరం ఉంది, ఇది డూప్లికేట్ అన్నాడు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. నాన్న జ్ఞాపకంతో ఆడుకున్నాడన్న బాధతో నిద్ర పట్టడం లేదు. చీటింగ్ కేసు పెట్టి జైలుకి పంపించవచ్చా? ఒక స్నేహితుడేమో 1968 ముద్ర ఉన్న క్లాస్ప్ ఎక్కడైనా కొని దీనికి తగిలించి, ఇంకొకరికి అమ్మేసి టెన్షన్ వదిలించుకోమంటున్నాడు.
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నిండా నాన్నగారే ఉన్నారు. కేసును తేల్చేది మాత్రం అందులోని ఒకే ఒక్క ముక్క: ‘క్లాస్ప్‌తో సహా మొత్తం ఆ ఏడాదిదే’ అని అమ్మినవాడు రాతపూర్వకంగా ఇచ్చిన మాట. దాన్ని మీరు మాటవరసకి చెప్పి దాటేశారు.

ముందు ‘డూప్లికేట్’ అన్న మాట మరిచిపోండి. అది మీరు నిరూపించలేరు. బహుశా నిజం కూడా కాదు. ఆ కాలపు రోలెక్స్ బ్రేస్‌లెట్‌కి, వాచీ బాడీకి ఉన్నట్టు, సొంత సీరియల్ నంబరు ఉండదు. కాబట్టి ఫలానా బ్రేస్‌లెట్ ఫలానా వాచీతో వచ్చిందని చెప్పే కాగితం దాదాపు దొరకదు. అప్పట్లో రోలెక్స్‌కి బ్రేస్‌లెట్లు చేసిపెట్టిన వాళ్లలో జెనీవాకి చెందిన గే ఫ్రేర్ ముఖ్యమైనది (1998లో దాన్ని రోలెక్సే కొనేసింది). కొన్ని బ్రేస్‌లెట్లు అమెరికాలోనూ తయారయ్యాయి, వాటి మీద ముద్రలు వేరు. ముద్ర తేడాగా కనిపించగానే నకిలీ అనేయడం కుదరదు.

ఇక ఆ ‘సి’ సంగతి. రోలెక్స్ క్లాస్ప్‌ల మీద మొదట్లో త్రైమాసికం, ఏడాది అంకెల్లో కొట్టేవారు. 1976 నుంచి అక్షరాలు వచ్చాయి. పాత వాచీల వ్యాపారంలో అందరూ వాడే పట్టిక ప్రకారం ‘ఎ’ అంటే 1976, ‘సి’ అంటే 1978. అంటే మీ క్లాస్ప్ నిఖార్సైనదే అయి, ఎవరో ఎప్పుడో పాతది పాడైతే మార్పించి ఉండవచ్చు. పక్కన ‘ఎస్’ అక్షరం కూడా ఉంటే అది సర్వీసులో వేసిన భాగమని గుర్తు. ఉందో లేదో మీరు రాయలేదు. భూతద్దం పెట్టి చూడండి.

ఇప్పుడు ఈ రెండు ఫిర్యాదుల తేడా చూడండి. ‘నకిలీ అమ్మాడు’ అని మీరు వేస్తే, అవతలివాడు పాత వాచీలు సేకరించే అనుభవమున్న ఒకరిని తెచ్చి ‘ఇది అసలైనదే’ అనిపిస్తాడు, మీరు ఇంటికి వెళ్తారు. ‘1968 అన్నాడు, 1978ది ఇచ్చాడు’ అని వేస్తే అదే మనిషి మీకు సాక్షి అవుతాడు. అది అసలైన 1978 క్లాస్ప్ అని అతను ఎంత గట్టిగా చెబితే మీ కేసు అంత గట్టిపడుతుంది. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్ చెప్పేది ఇదే: ఫలానాది అని వర్ణించి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. కంపెనీదా కాదా అన్న చర్చలోకి మీరు దిగనే అక్కర్లేదు.

మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. క్లాస్ప్ రోజూ తెరిచి మూశారు. లోపలి అక్షరం ఏడాదికి పైగా మీ కళ్ల ముందే ఉంది. పైగా లింకులు తీయించారు. అదే చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం, సరుకు తీసుకుని సొంతదారులా వాడుకున్నా, వద్దని చెప్పకుండా సమంజసమైన కాలం దాటేదాకా అట్టే పెట్టుకున్నా, అంగీకరించినట్టే లెక్క. అందుకే ‘సరుకు తీసుకో, డబ్బంతా ఇవ్వు’ అన్న కోరిక బలహీనపడింది. విలువలో తేడా మాత్రం నష్టపరిహారంగా అడిగే హక్కు పోలేదు.

గడువు ఇంకా ముఖ్యం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే. ‘నాకు పోయిన నెలే తెలిసింది, అప్పటి నుంచి లెక్కపెట్టండి’ అనే వాదన మీద ఆధారపడకండి. ‘క్లాస్ప్ తెరిస్తే కనిపించేదేగా’ అని అవతలి లాయర్ ఒక్క మాటలో కొట్టేస్తాడు. బ్రేస్‌లెట్ మీ చేతికి అందిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. మీకు మిగిలింది నాలుగు నెలలు. లాయర్ నోటీసు పంపితే గడువు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు.

మీ స్నేహితుడి సలహా వింటే మాత్రం నేరుగా జైలు దారి పట్టినట్టే. ఇది 1968ది కాదని ఇప్పుడు మీకు తెలుసు, ఆ సంగతి ఉత్తరంలో కూడా రాశారు. తెలిసీ వేరే క్లాస్ప్ తగిలించి, మొత్తం 1968దే అని అమ్మితే అది భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం. మోసంతో డబ్బు రాబట్టుకున్నారని తేలితే ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అమ్మినవాడికి తెలుసో తెలియదో మనం నిరూపించాలి. మీ విషయంలో ఆ శ్రమ కూడా ఉండదు. క్లాస్ప్ విప్పిన క్షణమే మీ సాక్ష్యమూ పోతుంది. పాలిష్ కూడా పెట్టించకండి, ముద్రలు అరిగిపోతాయి.

పోలీసు కేసు సంగతి అంటారా, అమ్మేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ‘నేనూ అలాగే కొన్నాను, నాకూ తెలియదు’ అంటాడు. స్టేషన్లో ఇది సివిల్ తగాదా అంటారు. ఆ తిరుగుడులోనే మీ నాలుగు నెలలూ అయిపోతాయి.

ఈ వారమే చేయాల్సిన పనులున్నాయి. ఆ వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్‌ను మార్చకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు మాత్రమే తీసుకుని ‘ఇదిగో సాక్ష్యం’ అంటే చాలదు. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్ జతచేయండి. డబ్బు అతని ఖాతాకే వెళ్లిందని చూపే బ్యాంకు స్టేట్‌మెంట్, కొరియర్ రసీదు తీయండి. బిల్లు మీద వట్టి ‘పాత బ్రేస్‌లెట్’ అని ఉంటే కంగారు పడకండి, బిల్లుకి ముందు రాసిన మెసేజే వర్ణన. క్లాస్ప్ తెరిచి ముద్రలు, ఎండ్ లింకుల (వాచీకి తగిలే చివరి లింకుల) మీది నంబర్లు స్పష్టంగా ఫొటోలు తీయండి. తీయించిన ఆ రెండు లింకులు దాచారనే ఆశిస్తున్నాను. పాత వాచీలు తెలిసిన రిపేరర్‌తో అఫిడవిట్ తీసుకోండి. అందులో ‘డూప్లికేట్’ అన్న అభిప్రాయం వద్దు. ఎక్కడ ఏ ముద్ర ఉంది, దానికి వ్యాపారంలో ఏ ఏడాదిగా లెక్క అన్నది చాలు. ఒకే కాలపు క్లాస్ప్ ఉన్న 7206కీ, తర్వాతి క్లాస్ప్ వేసినదానికీ ధర తేడా చూపే అమ్మకాల ప్రకటనలు కొన్ని సేకరించండి. మీకొచ్చే మొత్తం వాటిమీదే ఆధారపడుతుంది.

తర్వాత 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ నోటీసు ఇవ్వండి. చెప్పిన కాలపు క్లాస్ప్ అయినా ఇవ్వాలి, లేదా విలువలో తేడా అయినా చెల్లించాలి అని అడగండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అమ్మినవాడి ఊరికి వెళ్లక్కర్లేదు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

అతను విడిభాగాలు వ్యాపారంగా అమ్ముతున్నట్టు చూపే పేజీ, పాత ప్రకటనలు కూడా భద్రపరచండి. తన సొంత వస్తువు ఒక్కటి అమ్ముకున్న వ్యక్తినని అతను నిరూపిస్తే కమిషన్ దారి మూసుకుపోతుంది. అప్పుడు సివిల్ కోర్టులో దావా వేయాలి. దానికి మూడేళ్ల గడువు ఉంది.