మామగారి ట్రంకు పెట్టెలు సర్దాలా, వద్దా?

ప్రశ్న: మా మామగారు చాలా ఏళ్లు నాటకాలకు స్టేజీ మేనేజరుగా, తర్వాత కొంతకాలం టీవీలో పనిచేశారు. ఈ మధ్యే పోయారు. ఆయన గదిలో రెండు ట్రంకు పెట్టెల నిండా స్క్రిప్టులు, ఉత్తరాలు, ఖర్చుల పద్దులు, ఫొటోలు, కొన్ని ఫిల్మ్ డబ్బాలు, వీడియో టేపులు ఉన్నాయి. పాత పత్రాలు, ఫిల్ములు భద్రపరిచే ఒక పరిశోధనా ఆర్కైవ్‌కి ఇద్దామనుకుంటున్నాం. ఇచ్చేముందు పనికిరాని కాగితాలు తీసేసి, మిగతావి సంవత్సరాలవారీగా ఫైళ్లలో పెట్టాలా? ఒక డబ్బా తెరిస్తే ఘాటుగా పుల్లటి వాసన వచ్చింది. అప్పటినుంచీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఏమీ సర్దకండి, ఏదీ పారేయకండి. ఆర్కైవ్‌లో పనిచేసే మాకు ఒక కాగితం ఎంత ముఖ్యమో, అది ఏ కాగితం పక్కన ఉందన్నదీ అంతే ముఖ్యం. ఒక స్క్రిప్టు మధ్యలో దర్జీ ఇచ్చిన బిల్లు మడిచిపెట్టి ఉందనుకోండి. దాని మీద నాటకం పేరుండదు, తేదీ కూడా ఉండకపోవచ్చు. ఆ స్క్రిప్టులో ఉన్నంతవరకే అది ఫలానా నాటకానికి కుట్టించిన దుస్తుల లెక్క. తీసి ‘బిల్లులు’ అనే ఫైల్లో పెట్టారా, ఎవరిదో ఏమిటో తెలియని చీటీ అయిపోతుంది. కాబట్టి ముట్టుకునే ముందు పెట్టె తెరిచి, పై నుంచి కింది దాకా ఏది ఎక్కడుందో ఫోన్‌తో ఫొటోలు తీయండి. అలాగే మూసి ఇచ్చేయండి.

మీరు పనికిరానివని తీసేయబోయేవి ఏవో ఊహించగలను. ఒకే స్క్రిప్టుకి మూడు నాలుగు కాపీలు, గీతలతో, కొట్టివేతలతో నిండినవి. మాకు కావలసినవి సరిగ్గా అవే. అచ్చయిన నాటకం ఎక్కడైనా దొరుకుతుంది, ప్రాంప్ట్ కాపీ, అంటే ప్రదర్శన నడిపేవారు మార్పులూ సూచనలూ రాసుకున్న స్క్రిప్టు, ఒక్కటే ఉంటుంది. నేను జాబితా రాసిన ఒక ప్రాంప్ట్ కాపీలో, రెండో అంకం చివర నాయిక మాటలు ఆరు లైన్లు పెన్సిలుతో కొట్టేసి ఉన్నాయి. పక్కన మార్జిన్‌లో ‘లైటు తగ్గాక కూర్చుంటుంది, మాట వద్దు’ అని రాశారు. దాని కిందే నీలం సిరాతో, వేరే చేతిరాతలో, ‘మళ్లీ పెట్టాం’. రెండు ప్రదర్శనల మధ్య ఏదో జరిగింది. నటి పట్టుబట్టి ఉండొచ్చు, మాటల్లేకపోతే ప్రేక్షకులకు అందకపోయి ఉండొచ్చు. తెర పడ్డాక నాటకంలో మిగిలేది ఇలాంటి గీతలే. వాటిని రబ్బరుతో తుడిచి ‘శుభ్రం’ చేసి తెచ్చిన కాపీలు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సినిమాకి కూడా కాగితమే దిక్కయిన సందర్భాలున్నాయి. అమెరికాలో 1912 వరకు సినిమాకంటూ విడిగా కాపీరైటు లేదు, ఫొటోలకు ఉండేది. అందుకని చాలామంది నిర్మాతలు ఫిల్ములోని ఫ్రేములన్నిటినీ పొడవాటి కాగితపు చుట్టల మీద ప్రింటు వేసి దాఖలు చేసేవారు. ఆ ఫిల్ములు చాలావరకు నశించినా, అక్కడి పార్లమెంటు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో చుట్టలు మిగిలాయి. వాటిని తిరిగి ఫొటో తీసి దాదాపు 3,000 చిత్రాలను బతికించుకున్నారు. 1927 నాటి జర్మన్ చిత్రం ‘మెట్రోపొలిస్’ సంగతీ అంతే. మొదటి ప్రదర్శనల తర్వాత దాన్ని బాగా కత్తిరించేశారు. 2008లో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక 16 ఎంఎం ప్రింటు బయటపడి, పోయిందనుకున్న దాదాపు 25 నిమిషాల భాగం దొరికింది. ఏ ముక్క ఎక్కడ అతకాలో తేల్చడానికి బాగా సాయపడింది ఆ సినిమాకి రాసిన సంగీతం ప్రతి. ఏ స్వరం దగ్గర తెర మీద ఏం కనిపించాలో అందులో రాసిపెట్టి ఉంది.

ఇక ఆ వాసన. అది ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లుతున్న వాసన, వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. వేడి, తేమ తగిలితే ఫిల్ము నుంచి ఆమ్లం పుడుతుంది, పుట్టిన ఆమ్లమే మిగతా ఫిల్మును ఇంకా వేగంగా తినేస్తుంది. పక్క డబ్బాలకూ సోకుతుంది కాబట్టి దాన్ని విడిగా, చల్లగా, పొడిగా, గాలి ఆడేచోట పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టకండి. ప్రొజెక్టరులో వేసి చూద్దామని అసలు అనుకోవద్దు, కుంచించుకుపోయిన ఫిల్ము ప్రొజెక్టరు పళ్లకు తగిలి చిరిగిపోతుంది. ఆర్కైవ్‌లో డబ్బాలో ఒక చిన్న కాగితపు స్ట్రిప్ వేస్తారు. నీలంగా ఉన్నది ఆకుపచ్చకు, పసుపుకు మారేకొద్దీ జబ్బు ముదిరినట్టు. బాగుచేయడం కుదరదు. చల్లని గదిలో పెట్టి కుళ్లడాన్ని నెమ్మది చేసి, ఆలోగా కాపీ తీసుకోవాలి.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ఏవైనా రీళ్లు 1950ల కంటే ముందువైతే. అప్పటి 35 ఎంఎం ఫిల్ము చాలావరకు నైట్రేట్, అంటే సులువుగా అంటుకునే రకం. అంటుకుంటే తన ఆక్సిజన్ తానే పుట్టించుకుంటుంది, నీళ్లలో ముంచినా ఆరదు. అంచున ‘సేఫ్టీ’ (సులువుగా అంటుకోని రకం) అని లేకపోతే మీరు తేల్చుకోవడానికి ప్రయత్నించకుండా, ఆర్కైవ్‌కి ఫోన్ చేసి వాళ్లనే రమ్మనండి. వీడియో టేపులు కూడా పాత మెషీన్‌లో పెట్టి చూడకండి, నిలబెట్టి ఉంచితే చాలు. ఫొటోల వెనుక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచున. బాల్‌పెన్ను, సెల్లోటేపు, లామినేషన్ వద్దే వద్దు. ఫొటోలో ఎవరెవరున్నారో చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ వారమే వెళ్లి అడగండి. అన్నిటికంటే తొందరైన పని అదే.

కాగితం మీ సొంతమైనంత మాత్రాన అందులో రాసినదాని హక్కులు మీవి కావు. మామగారికి వచ్చిన ఉత్తరాల కాపీరైటు రాసినవాళ్లది. బతికున్నవారి సొంత సంగతులుంటే ఫలానా ఏడు దాకా ఎవరికీ చూపొద్దని దానపత్రంలో రాయించుకోవచ్చు. సిగ్గుపడి చించేయకండి.

ప్రశ్న: తొలినాళ్ల టీవీ కార్యక్రమాలు అంతగా ఎందుకు దొరకవు? రికార్డు చేయలేదా?

జవాబు: 1956లో వీడియో టేపు వచ్చేవరకు చాలావరకు లైవే. దాచాలంటే టీవీ తెర ఎదుట ఫిల్మ్ కెమెరా పెట్టి తీయాల్సి వచ్చేది. టేపు వచ్చాక కొత్త ప్రమాదం వచ్చింది. దాని ఖరీదు ఎక్కువ, పైగా చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. బీబీసీ సహా ఎన్నో సంస్థలు అదే చేశాయి. బీబీసీ సీరియల్ ‘డాక్టర్ హూ’ 1960ల నాటి ఎపిసోడ్లలో 90కి పైగా నేటికీ దొరకలేదు. కానీ వాటన్నిటి ధ్వనీ ఉంది, ఎందుకంటే ప్రేక్షకులు ఇళ్లలో టేప్ రికార్డర్లతో టీవీ నుంచి రికార్డు చేసుకున్నారు. ఆ ధ్వనికి యానిమేషన్ జోడించి కొన్నిటిని మళ్లీ విడుదల చేశారు కూడా. మీ ఇంట్లో అలాంటి క్యాసెట్టు ఏదైనా ఉంటే, చెరిపేసేముందు దయచేసి ఎవరినైనా అడగండి.

ప్రశ్న: అన్నీ స్కాన్ చేసేస్తే అసలువి పారేయొచ్చు కదా?

జవాబు: కూడదు. ఆ కొట్టివేత పెన్సిలుతోనా సిరాతోనా, కింద ముందు ఏం రాసి ఉంది అన్నది స్కాన్‌లో అన్నిసార్లూ తెలియదు. రేపు మెరుగైన స్కానర్ వస్తే మళ్లీ తీయడానికి అసలుదే కావాలి. హార్డ్ డిస్కులు చెడిపోతాయి, ఫైళ్లను కొన్నేళ్లకోసారి కొత్త వాటికి మార్చుకుంటూ ఉండాలి. అదే పాలియెస్టర్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మును చల్లటి, పొడి గదిలో పెడితే శతాబ్దాలు నిలుస్తుందని అంచనా. స్కాన్ చేయండి, తప్పకుండా చేయండి, దూరాన ఉన్నవాళ్లూ చూడగలుగుతారు. అసలుదాన్ని మాత్రం పెట్టెలోనే ఉంచండి.