రిటైరైన నాన్నగారు కుర్చీకే పరిమితమయ్యారు, మళ్లీ చురుగ్గా తిరగాలంటే ఏం చేయాలి?

అమ్మా, ఆమదాలవలసలో ఉంటున్న మీ నాన్నగారు ఉద్యోగ విరమణ తర్వాత రోజంతా టీవీ ముందే కూర్చుంటున్నారనీ, మోకాళ్ల నొప్పులని పొద్దుటి నడక కూడా మానేశారనీ, 67 ఏళ్ల వయసులో ఆయనకు ఏ అలవాట్లు చేయాలనీ అడిగారు. నేను విజయనగరంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను, డెబ్బై దాటాను, మోకాళ్ల నొప్పులు నాకూ ఉన్నాయి. నాకు మేలు చేసినవే రాస్తున్నాను.

నడక మంచిదే కానీ, అదొక్కటే చాలదు. 65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం వంటి శ్రమ చేయాలనీ, దానితోపాటు రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం, మూడు రోజులైనా ఒంటి నిలకడను కాపాడే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మనవాళ్లు మొదటిది పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తారు. మా అయ్యకోనేరు గట్టు మీద పొద్దున్నే చకచకా నడిచే నా ఈడువారిలో, నేలమీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి అందిస్తే తప్ప లేవలేనివారు ఉన్నారు. వయసుతోపాటు తొడ కండరాలు కరుగుతాయి, ఆ బలం తగ్గినకొద్దీ శరీరం బరువు మోకాలి కీలు మీద ఎక్కువగా పడుతుంది, నొప్పికి భయపడి మనిషి ఇంకా కదలకుండా కూర్చుంటాడు. ఈ వరుసను తొడల దగ్గరే తెంచాలి.

నాకు ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతి ఇది. చేతులు లేని గట్టి కుర్చీని జారకుండా గోడకు ఆనించి వేయాలి. సగం సీటు వరకే ముందుకు కూర్చుని, పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి ఉండేలా నేలకు పూర్తిగా ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, కొద్దిగా ముందుకు వంగి లేచి నిలబడాలి. ఆ తర్వాత దబ్బున కూలబడకుండా, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా కూర్చోవాలి. కండరానికి అసలు పని ఆ దిగడంలోనే ఉంది. మొదట్లో బల్ల పట్టుకుని లేచినా ఫరవాలేదు. 65 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న మగవారు చేతుల సాయం లేకుండా అర నిమిషంలో 12 సార్లకన్నా తక్కువ లేస్తే కాళ్ల బలం తగ్గినట్టే లెక్క, పడిపోయే ప్రమాదం కూడా ఎక్కువ. మీరు పక్కన నిలబడి ఆయన చేత ఒకసారి చేయించి చూడండి. నిలకడ కోసం వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడటం చాలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి సాధన మొదలుపెట్టిన ఊరు మీది. బలం పెంచుకోవడం కుర్రవాళ్ల వ్యవహారమని మీ నాన్నగారిని అనుకోనివ్వకండి.

ఇంకొక మాట పిల్లలతోనే చెప్పాలి. పెద్దవారికి పని చెప్పకూడదనే మర్యాదతో బజారు సంచీ, మొక్కలకు నీళ్లు, పాల ప్యాకెట్టు అన్నీ వారి చేతుల్లోంచి తీసేసుకుంటాం. దయచేసి అలా చేయకండి. రైతుబజారుకు వెళ్లి కూరలు ఏరి, బేరమాడి, సంచీ మోసుకొచ్చే మనిషికి నడకా, బరువూ, నలుగురితో మాటా ఒక్కసారే దొరుకుతాయి.

తిండి విషయంలో, పొద్దున చోడి (రాగి) అంబలి, రాత్రి ఇంత మజ్జిగన్నం తిని సరిపెట్టుకుంటే కండకు కావలసిన మాంసకృత్తులు అందవు. 60 కిలోల బరువున్న పెద్దమనిషికి రోజుకు సుమారు 60 గ్రాములు కావాలి, ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. కాబట్టి పప్పు, ఉలవ గుగ్గిళ్లు, పెరుగు, గుడ్డు, చేప పూటపూటకూ ఏదో ఒకటి ఉండాలి. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు, అందుచేత ముందుగా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి.

ఈ పరీక్షను నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట వైపు ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మన జిల్లాల వారికి తెలిసినదే. అయినా మోకాళ్ల నొప్పి అనగానే మందుల దుకాణానికి వెళ్లి డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగేవారు ఎందరో ఉన్నారు. ఆ బిళ్లలు మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. బీపీ మందులు వాడేవారికీ, నీళ్లు తక్కువ తాగేవారికీ ఆ ముప్పు మరీ ఎక్కువ. మీ నాన్నగారు అలాంటివి వాడుతుంటే ఆ అట్టను డాక్టరుగారికి చూపించండి. మోకాలు వాచినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, రాత్రి నిద్రలో కూడా నొప్పి లేపుతున్నా, కుర్చీ వ్యాయామం మొదలుపెట్టకముందే ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి.