పాత జీపు మీద మమకారం, కొత్త బండి మీద సందేహం

ప్రశ్న: మా ఇంట్లో చాలా ఏళ్లపాటు పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఉండేది. నాన్నగారు దానిని అమ్మేసినా నాకు మాత్రం ఇప్పటికీ దాని మీద మనసు పోలేదు. ఇప్పుడు కొత్త బండి కొనాలనుకుంటున్నాము. తిరిగేది చాలావరకు తారు రోడ్ల మీదే. వానాకాలంలో అప్పుడప్పుడూ మట్టి దారి తగులుతుంది. అదనంగా డబ్బు పెట్టి ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవచ్చా?

జవాబు: నేను డ్రైవింగ్ నేర్చుకున్నది కూడా అటువంటి జీపు మీదే కాబట్టి మీ మమకారం నాకు తెలుసు. బురద మొదలయ్యే చోట కిందికి దిగి, ఒక్కో ముందు చక్రం నడిమధ్యనుండే హబ్ లాకులను, అంటే చక్రాన్ని ఇరుసుకు కలిపే బిరడాలను, చేత్తో తిప్పి, మళ్లీ ఎక్కి గేరు రాడ్డు పక్కనున్న పొట్టి రాడ్డును లాగితే, లోపల పళ్లు ఒకదానినొకటి పట్టుకున్న సంగతి అరచేతికి తెలిసేది. లో రేంజిలో, అంటే వేగం తగ్గి లాగే బలం పెరిగే గేర్లలో, క్లచ్ మెల్లగా వదిలితే చాలు, యాక్సిలరేటర్ తొక్కకపోయినా బండి మనిషి నడక కన్నా నిదానంగా, ఎక్కడా ఆగకుండా పాకుతూ పోయేది.

అయితే మీరు ప్రేమించిన ఆ గుణం నేడు ఫోర్ వీల్ డ్రైవ్ అన్న పేరుతో అమ్ముడయ్యే బండ్లన్నింటిలోనూ ఉండదు. 1941 నాటి విల్లీస్ జీపు, 1948 నాటి ల్యాండ్ రోవర్ గతుకుల దారుల కోసం పుట్టినవి. 1980లో వచ్చిన ఆడి క్వాట్రో, నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందించే అదే సూత్రాన్ని వేగంగా పోయే రోడ్డు కార్లకు తెచ్చింది. ఇప్పటి బండ్లలో చాలావాటిలో ముందు చక్రాలు జారినప్పుడు ఒక క్లచ్ వెనక చక్రాలకు శక్తిని పంపుతుంది. లో రేంజి ఉండదు. కొనేముందు అది ఉందో లేదో తప్పక అడగండి.

నాలుగు చక్రాలకూ శక్తి అందడం వల్ల బండి కదలడం సులువవుతుందే తప్ప, ఆగే దూరం తగ్గదు. బ్రేకులు అన్ని బండ్లకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. తడి రోడ్డు మీద సునాయాసంగా వేగం అందుకున్న బండి మలుపులో జారడానికి కారణం చాలాసార్లు ఆగడం కూడా సులువే అన్న భ్రమే, అందుకే దీనిని గట్టిగా చెబుతున్నాను. పైగా ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్ గాని, జారే చక్రానికి బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు గాని లేకపోతే, ముందొకటి, వెనకొకటి చక్రం పట్టు తప్పి ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బండి కదలదు.

ఖర్చు కొన్న రోజుతో తీరదు. అదనపు బరువు మైలేజీని తగ్గిస్తుంది, శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు మార్చాలి, కొన్ని రకాల్లో నాలుగు టైర్ల అరుగుదలా దాదాపు సమానంగా ఉండాలి. పాత పద్ధతి ఫోర్ వీల్‌ను పొడి తారు రోడ్డు మీద వేయనేకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి కనుక మొత్తం యంత్రాంగం బిగుసుకుపోతుంది.

మీరు చెప్పిన తిరుగుడుకు నా సలహా టూ వీల్ డ్రైవే. నేలకు కాస్త ఎత్తుగా ఉండే బండి తీసుకుని, మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకు పెట్టండి. ఇసుక, మంచు, నిట్టనిలువు మట్టి దారులు మీకు తరచూ ఎదురయ్యేవైతే లో రేంజి ఉన్నదే కొనమనేవాణ్ణి. ఇక ఆ పాత జీపు రకమే కావాలని మనసు పట్టుబడితే, దానిని రెండో బండిగా వెతకండి. బేరానికి ముందు మెత్తని నేల మీద ఫోర్ వీల్ వేసి నడిపించి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో, ట్రాన్స్‌ఫర్ కేసు కింద ఆయిలు కారుతోందేమో చూసుకోండి.