అన్నకు విల్సన్ వ్యాధి... చెల్లికీ పరీక్షలు అవసరమా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయికి 17 ఏళ్లు. కొంతకాలంగా చేతులు వణుకుతున్నాయి, రాత పాడైంది, మాట ముద్దగా వస్తోంది. చూపిస్తే విల్సన్ వ్యాధి అన్నారు. మందులు జీవితాంతం వాడాలట. మాది మేనరికం. మా పాపకు 11 ఏళ్లు, ఏ ఇబ్బందీ లేదు. తనకూ పరీక్షలు చేయించాలా? - ఓ పాఠకుడు

న్యూరాలజిస్ట్ సలహా: తప్పకుండా చేయించండి, అదీ ఇప్పుడే. విల్సన్ వ్యాధి అంటే రాగి బయటకు పోక ఒంట్లో పేరుకుపోయే జబ్బు. వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బుల్లో మందులతో ఇంత బాగా అదుపులో ఉండేవి చాలా తక్కువ. లక్షణాలు కనిపించే దాకా ఆగితే అప్పటికే రాగి పేరుకుని కాలేయమో, మెదడో దెబ్బతిని ఉంటుంది.

తిండిలో ఎక్కువైన రాగిని కాలేయం పైత్యరసంలోకి పంపేస్తుంది. అందుకు కావాల్సిన ఏటీపీ7బీ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. రెండింట్లోనూ లోపముంటేనే జబ్బు. మీ ఇద్దరిలో ఒక్కోదానిలోనే లోపముంది కాబట్టి మీకేమీ కాలేదు. పాపకు జబ్బు ఉండే అవకాశం 25 శాతం. 1912లో కిన్నియర్ విల్సన్ లండన్‌లో ఈ జబ్బును వివరించినప్పుడే ఒకే ఇంటి పిల్లలకు రావడం గమనించారు. అప్పుడు మందు లేదు. 1956లో జాన్ వాల్ష్ అనే డాక్టర్, రాగిని మూత్రంలో బయటకు పంపే పెన్సిలమిన్ మందు వాడాక పరిస్థితి మారింది.

ముందు మీ అబ్బాయికి జన్యు పరీక్ష చేయించండి. లోపం ఏదో తెలిస్తే పాపలో సరిగ్గా దాన్నే వెతకొచ్చు. పాపకు ఒక్కదానిలోనే లోపముంటే మందులు అక్కర్లేదు. పెళ్లి మాత్రం మళ్లీ మేనరికం చేయకండి.

ఈలోగా సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీన్), లివర్ పరీక్షలు, స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష చేయించొచ్చు. సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మి.గ్రా. కన్నా తక్కువుంటే అనుమానించాలి. జ్వరమప్పుడు అది పెరిగి నార్మల్‌గా కనిపిస్తుంది, కాబట్టి తగ్గాకే రక్తం ఇవ్వండి. కంట్లో నల్లగుడ్డు చుట్టూ రాగి పేరుకుని ఏర్పడే వలయం లేదన్నారని నిశ్చింతగా ఉండొద్దు. లక్షణాలు మొదలవని పిల్లల్లో అది చాలాసార్లు ఉండదు.

24 గంటల మూత్రంలో రాగి పరీక్ష దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. బడి లేని రోజు పెట్టుకోండి. ఉదయం 6కి పోసిన మూత్రం పారబోయాలి. ఆ తర్వాత ప్రతిసారీ ల్యాబ్ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టి, మర్నాడు 6కి పోసిందీ కలపాలి. ఒక్కసారి బాత్రూంలో వదిలేసినా లెక్క తగ్గుతుంది. ఇత్తడి, రాగి గిన్నెలో పట్టి పోస్తే పెరుగుతుంది. పిల్లల్లో 40 మైక్రోగ్రాములు దాటితే అనుమానించాల్సిందే.

పాపకు జబ్బు తేలితే ఈ దశలో, తిండిలోని రాగి ఒంటికి పట్టకుండా చేసే జింక్‌తోనే నెట్టుకురావచ్చు.

ఇక అబ్బాయి సంగతి. పెన్సిలమిన్ రాస్తే భోజనానికి గంట ముందు లేదా 2 గంటల తర్వాత వేయాలి, విటమిన్ బీ6 తోడుగా ఉండాలి. జింక్, ఐరన్ మాత్రలు అదే వేళకు వేస్తే మందు సరిగా పనిచేయదు. మొదట్లో కొందరికి వణుకు, మాట ఇంకా పాడవుతాయి. అందుకే రోజుకు 125-250 మి.గ్రా.తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. అలా జరిగితే సొంతంగా మానేయకుండా డాక్టర్‌కు వెంటనే చెప్పండి. రక్తకణాలు, మూత్రంలో ప్రొటీన్ తరచూ చూడాలి. కార్జం, రొయ్యలు, పీతలు, పుట్టగొడుగులు, జీడిపప్పు, చాక్లెట్ కనీసం మొదటి ఏడాది పెట్టొద్దు. రాగి చెంబులో నీళ్లు మంచివని పెద్దలు అంటారు, ఈ బాబుకు మాత్రం వద్దు.

బాగైందని మందు ఆపేస్తే కాలేయం హఠాత్తుగా చెడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈ మందు అన్ని షాపుల్లోనూ దొరకదు, ఎప్పుడూ నెలకు సరిపడా ఇంట్లో ఉంచుకోండి.