బర్రెకు కడుపు ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర వాపు: చీము పట్టిందా, ఉత్త నీరా?

అడిగింది ఇది: దేవరకొండ దగ్గరి ఊళ్లో ఒక ముర్రా బర్రెకు ఎడమ డొక్క కోసి, పొట్టలోంచి ప్లాస్టిక్ కవర్లు, ఒక ఇనుప తీగ తీశారు. ఇవాళ ఆరో రోజు. కుట్ల కింది కొసన అరచెయ్యంత వాపు వచ్చింది, చివరి కుట్టు సందులోంచి లేత ఎరుపు నీళ్లు కారుతున్నాయి. నెమరు వేస్తోంది గానీ మేత సగమే తింటోంది. ఒకరు పసుపు నూనె పెట్టమన్నారు, ఇంకొకరు వాపును సూదితో పొడవమన్నారు. కుట్లు ఎప్పుడు తీయాలి, పాలు వాడొచ్చా అన్నవి మిగతా రెండు ప్రశ్నలు.

పొడవకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది నీటి వాపు అయ్యే అవకాశమే ఎక్కువ. అయితే వాపు కంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి: జ్వరం, నెమరు, పెండ. మీకు కనిపించే కుట్లు తోలువి మాత్రమే. వాటి కింద కండరాలకు వేసినవి, ఇంకా లోపల పెద్ద పొట్ట గోడకు వేసినవి ఉంటాయి. బర్రె ప్రాణం ఆ లోపలి కుట్ల మీద ఉంది. అవి ఊడితే పొట్టలోని మేత నీళ్లు పొట్ట బయట, పేగుల చుట్టూ ఉండే ఖాళీలోకి కారి లోపలంతా చీము పడుతుంది. ఆ సంగతి తోలును చూస్తే తెలియదు, ఈ మూడింటిని చూస్తేనే తెలుస్తుంది.

జ్వరం చూడటానికి మెడికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. కొసకు నూనె రాసి గుదంలో రెండంగుళాలు పెట్టి, కొస లోపలి గోడకు ఆనేటట్టు కొంచెం పక్కకు వంచి పట్టుకోవాలి. పెండ ముద్ద మధ్యలోకి గుచ్చుకుంటే లెక్క తప్పుతుంది. బర్రె తోలు నల్లగా ఉంటుంది, చెమట తక్కువ, అందుకే ఎండలోంచి తెచ్చిన వెంటనే చూస్తే వేడి ఎక్కువే చూపిస్తుంది. నీడలో గంటసేపు ఉంచి పొద్దున, సాయంత్రం ఒకే వేళకు చూసి రాసిపెట్టుకోండి. 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే నిశ్చింత. 103.5 దాటి వరుసగా రెండు పూటలు అలాగే ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

నెమరు వేస్తోందన్నారు, అది మంచి మాట. పొట్ట కదలిక కూడా చూడాలంటే కుట్లకు ముందు వైపు, చివరి పక్కటెముక వెనకాల అరచెయ్యి ఆనించి రెండు నిమిషాలు కదలకుండా ఉండండి. లోపలి నుంచి అల లేచినట్టు చేతిని నెట్టడం రెండు మూడు సార్లు తెలిస్తే పొట్ట దారిలో పడింది. ఒక్కసారే వస్తే ఇంకా మందంగా ఉందని అర్థం, ఆరో రోజుకు అది కొంచెం వెనకబాటే. పెండ మెత్తగా, రోజూ పడుతుండాలి. నడుం విల్లులా వంచి నిలబడటం, పడుకునేటప్పుడు మూలగడం, పెండ గట్టి ఉండలుగా కొంచెమే పడటం, నెమరు ఆగిపోవడం, వీటితో పాటు జ్వరం ఉంటే లోపల చీము పడుతోందని అనుమానించాలి.

ఇక వాపు సంగతి. చేతులు సబ్బుతో కడుక్కొని, చేతి వెనక వైపు వాపు మీద ఆనించి, తర్వాత అదే చెయ్యి కుడి డొక్క మీద పెట్టి వేడి పోల్చండి. చల్లగా, మెత్తగా, వేలుతో నొక్కితే నీళ్ల సంచిలా కదులుతూ, బర్రె కాలు విదిలించకుండా ఊరుకుంటే అది నీటి వాపు. కోసినప్పుడు తోలుకు, కండరానికి మధ్య కొంత ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో రసి ఊరి బరువుకు కిందికి దిగుతుంది. అందుకే అది కింది కొసనే కనిపిస్తుంది. లేత ఎరుపు నీళ్లు కారడం కూడా దీనికే సరిపోతుంది. రెండు మూడు వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. సూదితో పొడిస్తే, ఆ నీళ్లలోకి పెండ మీది క్రిములను మనమే పంపినట్టవుతుంది, నాలుగు రోజుల్లో ఉత్త నీరు చీముగా మారుతుంది.

వేడిగా, గట్టిగా ఉండి, ముట్టుకుంటే బర్రె జరిగిపోయి, కారేది పచ్చగా చిక్కబడి వాసన వస్తే అది చీము. అప్పుడు కూడా మీరు కోయొద్దు. డాక్టర్ కింది కుట్లు ఒకటి రెండు విప్పి చీముకు దారి ఇచ్చి, లోపల కడుగుతారు. పై నుంచి మందు రాసినంత మాత్రాన మూసుకున్న చీము తగ్గదు.

మూడో రకం వాపు చాలామందికి తెలియదు. నొక్కితే లోపలికి పోయి, వదలగానే మళ్లీ బయటికి వచ్చి, అంచున వేళ్లకు గుండ్రటి సందు తగిలితే కండరాల కుట్లు విడిపోయి పేగులు తోలు కిందికి వచ్చినట్టు. దాన్ని పదేపదే నొక్కి చూడకండి. పొట్ట చుట్టూ వెడల్పాటి శుభ్రమైన గుడ్డ కట్టి డాక్టర్ను పిలవండి. సందులోంచి పచ్చటి గడ్డి పీచు, పుల్లటి వాసన వచ్చినా అంతే అత్యవసరం.

ఇంకొకటి, తోలు కింద వేళ్లతో తడిమితే అప్పడం విరిగినట్టు చిటపటలాడుతుంటే భయపడొద్దు. ఆపరేషన్ వేళ లోపలికి పోయిన గాలి అది, వారం రెండు వారాల్లో పోతుంది. ఆ చిటపటతో పాటు వేడి, దుర్వాసన, జ్వరం ఉంటేనే ప్రమాదం.

కడగడానికి లీటరు నీళ్లు మరగబెట్టి, రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి చల్లార్చండి. అందులో అర లీటరుకు 10 మిల్లీలీటర్ల 5 శాతం పోవిడోన్ అయోడిన్ కలిపితే లేత టీ రంగు వస్తుంది, అది చాలు. చిక్కగా వాడితే కొత్తగా అల్లుకునే కండే మాడుతుంది. శుభ్రమైన గాజ్ గుడ్డతో (పుండ్లకు వాడే పల్చటి గుడ్డ) పై నుంచి కిందికి ఒకసారి తుడిచి, ఆ గుడ్డ పారేయండి. రోజుకు రెండుసార్లు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే మానే కండను తినేస్తుంది. పసుపు నూనె కుట్ల సందులో మట్టితో కలిసి గట్టిపడి లోపలి రసికి దారి మూసేస్తుంది. కాలిన ఇంజిన్ ఆయిల్, బూడిద, బ్యాటరీ పొడి అసలు దగ్గరికి రానివ్వొద్దు.

వానాకాలంలో ఈగే పెద్ద శత్రువు. పుండు అంచున గుడ్లు పెట్టిందంటే ఒక్క రోజులోనే పురుగు పడుతుంది. వేప నూనెను పుండుకు నాలుగంగుళాల చుట్టూ రాయండి, పుండులో పోయొద్దు. సందులో ఏదో కదులుతున్నట్టు కనిపించి, రక్తపు నీళ్లు, కుళ్లు వాసన ఉంటే పురుగు పడ్డట్టే, అప్పుడు పురుగులను ఏరడం డాక్టర్ చేతనే చేయించాలి. కాకులు కూడా కుట్లు పొడుస్తాయి, మధ్యాహ్నం కొట్టంలోనే కట్టండి.

మన వైపు చాలా కొట్టాల్లో షాబాద్ బండలు పరిచి ఉంటాయి. అవి ఉచ్చతో తడిస్తే గాజులా జారతాయి. వెనక కాళ్లు రెండు వైపులా జారిందంటే లోపలి కుట్లన్నీ ఒక్కసారి గుంజుకుంటాయి. బండల మీద ఆరంగుళాల మందాన పొడి ఇసుక పోసి, తడిసింది రోజూ ఎత్తేయండి. గడ్డి పరిస్తే అదే తినేస్తుంది, అందుకే ఇసుక చెప్తున్నాను. వేరే బర్రెల కొమ్ములు తగలకుండా మూడు వారాలు విడిగా కట్టండి. కుట్లు తీసి పది రోజులు దాటేదాకా చెరువులో దించొద్దు. ఎండకు ఆగకపోతే తల, మెడ, వీపు మీద నీళ్లు చల్లండి, డొక్క తడవకుండా.

మేత సగమే తినడం ఈ దశలో సహజం. పచ్చి గడ్డిని రెండు మూడు అంగుళాల ముక్కలుగా నరికి, రోజుకు ఐదారు సార్లు రెండు మూడు కిలోల చొప్పున పెట్టండి. వరిగడ్డి, జొన్న సొప్ప కొంచెం కొంచెంగా పెంచుతూ రండి. దాణా పూటకు అర కిలోతో మొదలుపెట్టి రెండో వారం చివరికి మామూలు కొలతకు తెండి. బలం రావాలని అన్నం, గంజి, శుభకార్యాల్లో మిగిలిన తిండి బకెట్ల కొద్దీ పోస్తే పొట్ట పులిసి, ఆపరేషన్ తట్టుకున్న బర్రె ఆ పులుపుకే పోతుంది. ఏ మందైనా తల పైకెత్తి, నాలుక గుంజి గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇప్పటికీ మేత మందంగానే ఉంటే, ఆరోగ్యంగా ఉన్న వేరే పశువు పొట్ట నీళ్లు గొట్టంతో పోయడం గురించి డాక్టర్ను అడగండి, ఆ మేలు చేసే క్రిములు పొట్టను మళ్లీ లేపుతాయి.

ఇంజెక్షన్లు చెప్పినన్ని రోజులూ పడాలి, రెండో రోజు తేరుకుందని ఆపొద్దు. నొప్పికి మెలాక్సికామ్ సరిపోతుంది. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం 2006లోనే నిషేధించారు, ఎవరైనా మనుషుల సీసా తెచ్చి పొడుస్తానంటే వద్దనండి. పాలు రెండు పూటలా పూర్తిగా పిండండి, లేకపోతే పొదుగువాపు వస్తుంది. కానీ మందులు వాడినన్ని రోజులూ, ఆ తర్వాత పాలు వాడొద్దని సీసా మీద రాసిన రోజులు ముగిసేదాకా ఆ పాలు ఇంట్లో తాగొద్దు, పాల కేంద్రానికి పోయొద్దు, దూడకూ వద్దు.

తోలు కుట్లు 12 నుంచి 14 రోజులకు తీస్తారు. ముందు ఒకటి విడిచి ఒకటి తీసి, అంచులు కదలకుండా ఉంటే రెండు రోజులకు మిగతావి. తీసేవాళ్లు ముడిని పైకెత్తి, తోలుకు ఆనే చోట ఒక వైపు మాత్రమే కత్తిరించాలి. ముడి దగ్గర కోసి లాగితే బయట మట్టి పట్టిన దారమంతా లోపల నుంచి పోతుంది. పండగనీ పనులనీ మూడు వారాలు దాటించొద్దు, దారం చుట్టూనే చీము పడుతుంది. లోపలి దారం దానంతట అదే కరుగుతుంది, దాని గురించి దిగులు లేదు.

తీగ దొరికిందన్నారు కాబట్టి నెలరోజులు ఇంకో కన్ను వేసి ఉంచండి. మింగిన ఇనుము చేరే పొట్ట గదికి, గుండెకు మధ్య దూరం చాలా తక్కువ. గంగడోలు కింద నీరు పట్టినట్టు ఉబ్బడం, మెడ నరం తాడులా లేవడం కనిపిస్తే గుండె సంచి దాకా గుచ్చుకున్నట్టు అనుమానించాలి. పొట్ట ఖాళీ చేశాక కూడా మళ్లీ మళ్లీ ఉబ్బుతుంటే బర్రెల్లో ఊపిరితిత్తుల కింది తెర చిరిగి ఉండొచ్చు, దానికి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపోవడమే మేలు. ఊరికే జ్వరం పెరిగినా, నెమరు ఆగినా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, కుట్లు చూపించడానికి బర్రెను ట్రాలీ ఎక్కించి తిప్పాల్సిన పని ఉండదు.